అరువు వీరుడి విమానాలు

హైదరాబాదు సంస్థానం చివరి రోజుల మాట మొదలైతే చాలు, ఈ మధ్య ఒక కథ తప్పకుండా వచ్చి కూర్చుంటోంది. 1948 వేసవి. చుట్టూ భారత యూనియన్ దిగ్బంధం, లోపల సరైన తుపాకులు లేని సైన్యం. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా మొనగాడు దిగాడు. నాలుగు ఇంజన్ల విమానాలు, రెండో ప్రపంచ యుద్ధంలో రాటుదేలిన తెల్ల పైలట్లు. రాత్రి పూట కరాచీలో లేచి, భారత వైమానిక దళం కళ్లుగప్పి, బీదర్‌లోనో వరంగల్‌లోనో దిగి, ఆయుధాల పెట్టెలు దించి మళ్లీ మాయం. ఇంకో ఆరు నెలలు గడువు దొరికి ఉంటే హైదరాబాదు చరిత్రే మారిపోయేదట.

ఈ కథ చెప్పేవాళ్లలో నిజాం అభిమానులున్నారు. ఇంగ్లిషు సాహసగాథలు చదివి మురిసిపోయేవాళ్లున్నారు. నిజాం పేరెత్తితే మండిపడేవాళ్లూ ఉన్నారు. ఈ చివరివాళ్లు కథను బోర్లించి చెబుతారు: ఆ విమానాలు దించిన తుపాకులతోనే నిజాం కొమ్ముకాసే రజాకార్లు మన ఊళ్ల మీద పడ్డారని. వీరుణ్ని విలన్ చేశారంతే, కథ అదే. అటైనా ఇటైనా కాటనే అసలు మనిషి. ఓరుగల్లు వాళ్లం అరుగు మీద కూర్చుని ఆయన విన్యాసాలకు నోరు తెరిచే ప్రేక్షకులం.

ముందే ఒక మాట. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర అంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్. ఆయనకూ ఈయనకూ సంబంధం లేదు. ఆయన విగ్రహాలకు వేసే దండలు ఈయన దాకా రానక్కర్లేదు.

విమానాలు దిగలేదని నేను అనడం లేదు. దిగాయి. కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాలు బీదర్‌కూ వరంగల్‌కూ వచ్చాయి, ఆయుధాలు తెచ్చాయి. ఆనాడే ఢిల్లీకి తెలుసు, లండన్‌కు తెలుసు. నా తగువు ఆ విమానాలకు అంటగడుతున్న బరువుతో.

కాటన్ సామాన్యుడు కాదు, ఒప్పుకుందాం. 1894లో క్వీన్స్‌లాండ్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ విమానాలు నడిపాడు. ఓ రోజు నూనె మరకలతో జిడ్డోడుతున్న పాత ఓవరాల్‌తోనే పైకెగిరితే, తోటివాళ్లంతా చలికి వణుకుతుంటే తనకు మాత్రం వెచ్చగా ఉందని గమనించి, ఆ కిటుకుతో పైలట్ల కోసం ఒక దుస్తు కుట్టించాడు. అదే సిడ్‌కాట్ సూట్. ఎన్నో ఏళ్లపాటు లోకమంతా పైలట్లు అది తొడుక్కునే ఎగిరారు. 1939లో ఒక లాక్‌హీడ్ విమానం పొట్టలో కెమెరాలు దాచి, వ్యాపారి వేషంలో జర్మనీ మీద తిరిగి ఫొటోలు తీశాడు. ఆకాశం నుంచి శత్రువు ఆనుపానులు ఫొటో తీసే విద్యకు బ్రిటన్‌లో పునాది వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. పైఅధికారులతో పడక 1940లో ఆ పదవి పోగొట్టుకున్నాడు. తెలివి, తెగువ, తలపొగరు మూడూ సమపాళ్లలో ఉన్న మనిషి.

ఇంతటివాడు కాబట్టే ఆయన చెప్పిన కథను ఆచితూచి వినాలి. హైదరాబాదు ఉదంతం జనంలోకి వచ్చింది ఎక్కువగా రెండు పుస్తకాల నుంచి. ఒకటి, కాటన్ చెబుతుండగా రాల్ఫ్ బార్కర్ రాసిన జీవితకథ, 1969లో వచ్చింది. రెండోది, నిజాం ఆఖరి ప్రధాని మీర్ లాయక్ అలీ కరాచీ చేరాక రాసుకున్నది, 1962 నాటిది. ఓడిపోయిన ప్రధాని ఒకరు, ఆయనకు సరుకు చేరవేసిన కిరాయి విమానాల యజమాని ఒకరు. ‘మా ప్రయత్నం దండగ’ అని ఈ ఇద్దరిలో ఎవరు రాస్తారు? ఇంకాస్త టైముంటే గెలిచేవాళ్లమనే రాస్తారు. అలా రాయడం వాళ్ల హక్కు. దాన్ని చరిత్రగా ఎత్తుకుని ఊరేగడం మన అమాయకత్వం.

కాసేపు లెక్కలు చూద్దాం, కథలకు అవంటే పడదు గనక. లాంకాస్ట్రియన్ అంటే లాంకాస్టర్ బాంబర్‌కు తుపాకుల గూళ్లు తీసేసి, ముక్కూ తోకా చెక్కి తయారు చేసిన ప్రయాణికుల విమానం. రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లు నాలుగు. చాలా దూరం పోగలదు, అందులో తిరుగులేదు. కరాచీ నుంచి వరంగల్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 1,500 కిలోమీటర్లు. ఆ విమానానికి అదో లెక్క కాదు. కాని లోపల చూస్తే సన్నటి గొట్టం. బ్రిటిష్ విమాన సంస్థ దాన్ని ప్రయాణికులకు వాడినప్పుడు ఒక పక్కగా తొమ్మిది సీట్లు వేస్తే నిండిపోయింది. పెద్ద సరుకులు ఎక్కించే వెడల్పాటి తలుపు లేదు. దాని తల్లి లాంకాస్టర్ మామూలుగా మోసిన బాంబుల బరువు ఆరున్నర టన్నులకు లోపు. ఇదీ అంతే మోసిందనుకుందాం. పెట్టెతో కలిపి రైఫిల్ ఒకటికి అయిదు కిలోలు వేసుకున్నా, తూటా ఒక్కటి కూడా లేకుండా ఒక విడతకు పన్నెండు పదమూడు వందల రైఫిళ్లు. తూటాలు కావాలంటే రైఫిళ్లు తగ్గించాలి. ఆనాటి యుద్ధాల్లో పనికొచ్చే, పాతిక పౌండ్ల గుండు వేసే ఫిరంగి ఒకటే టన్నున్నర పైచిలుకు. ఆ తలుపులో దూరదు. టాంకు సంగతి అడగనే వద్దు.

అవతల ఏముందో చూడండి. 1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి నడిపించిన బలగం షెర్మన్ టాంకులతో కదిలింది. తూర్పున బెజవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో ఇంకో దండు మునగాల మీదుగా సూర్యాపేటకు వచ్చింది. పైన టెంపెస్ట్ విమానాలు. మొదటి దెబ్బల్లోనే అవి చేసిన పనుల్లో ఒకటి బీదర్, వరంగల్ విమాన స్థలాల మీద బాంబులు వేయడం. వాటికి ఎదురెళ్లడానికి నిజాం దగ్గర యుద్ధ విమానం ఒక్కటంటే ఒక్కటి లేదు. తరిఫీదు పొందిన నిజాం సైన్యం ఇరవై వేల పైచిలుకు ఉండొచ్చు గాని, అందులో యుద్ధానికి సిద్ధంగా ఉన్నది కొంతే. దాని సేనాపతి సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ అయిదో రోజు దాటకుండానే చేతులెత్తేశాడు. 17 సాయంత్రం నిజాం రేడియోలో ఓటమి ఒప్పుకున్నాడు, మర్నాడు ఎద్రూస్ చౌదురి ముందు నిలబడ్డాడు. మూడు నెలల రాత్రి ప్రయాణాలు అయిదు రోజుల యుద్ధాన్ని ఆరో రోజు దాకా కూడా సాగదీయలేకపోయాయి.

‘అందుకేగా, ఇంకా టైముండాల్సింది’ అంటారు. టైము సంగతే మాట్లాడదాం. సరిగ్గా అదే ఏడాది, అవే నెలల్లో ఇంకో చోట ఇలాంటి పనే జరిగింది. యుద్ధం అయిపోయి ఉద్యోగాలు లేని పైలట్లు, తుక్కు ధరకు అమ్ముడవుతున్న మిలిటరీ విమానాలు, ఆయుధాల మీద ఆంక్షలు, దొంగచాటు రవాణా. చెకొస్లొవేకియాలోని జాటెట్స్ నుంచి అప్పుడే పుట్టిన ఇజ్రాయెల్‌కు అమెరికా, దక్షిణాఫ్రికా, బ్రిటన్, కెనడా పైలట్లు ఆయుధాలు మోశారు. విప్పదీసిన ఫైటర్ విమానాలను కూడా విమానాల్లోనే వేసుకొచ్చారు. మే 29న అలా వచ్చిన ఫైటర్లు నాలుగు లేచి ఇస్దూద్ దగ్గర ఈజిప్టు సైనిక వరుస మీద పడ్డాయి. ఆ నలుగురు పైలట్లలో లూ లెనార్ట్ అమెరికా వాడు, అక్కడే చనిపోయిన ఎడ్డీ కోహెన్ దక్షిణాఫ్రికా వాడు. ఈజిప్టు దండు టెల్ అవీవ్ దాకా రాలేదు. విదేశీ పైలట్ల వల్ల యుద్ధం మలుపు తిరిగిందని ఎక్కడైనా అనొచ్చంటే అక్కడ అనొచ్చు.

మరి అక్కడ పారిన పాచిక ఇక్కడెందుకు పారలేదు? అక్కడి వాళ్లు కాటన్ కంటే మొనగాళ్లా? కాదు. ఆ రాజ్యానికి సముద్రం ఉంది, విమానం తెచ్చినదానికి ఎన్నో రెట్లు ఓడలో వస్తుంది. దిగిన ఆయుధాన్ని అందుకోవడానికి ఊరూరా తయారైన జనం ఉన్నారు. ఆ పోరు వల్ల పాలస్తీనా అరబ్బులు ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్నారు, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. దొంగచాటు విమానం ఎప్పుడు పనికొస్తుందో చెబుతున్నానంతే. హైదరాబాదుకు సముద్రం లేదు, నాలుగు వైపులా యూనియనే. కోటీ అరవై లక్షల జనంలో అత్యధికులు ఆ రాజ్యం ఉండాలని కోరుకోవడం లేదు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘం చేతుల్లోకి వెళ్లాయి. మూడు వేల గ్రామాలని ఉద్యమ చరిత్రకారులు రాస్తారు. తన ప్రజల మీదే యుద్ధం చేస్తున్న సర్కారుకు తుపాకులు తెచ్చిస్తే అవి సరిహద్దుకు పోవు, పల్లెలకు పోతాయి. ఆరు నెలలు కాదు, ఆరేళ్లు ఇచ్చినా అంతే.

ఇక్కడ రెండో కథ వాళ్లు చప్పట్లు కొడతారు. ‘చూశారా, కాటన్ తుపాకులే మన పల్లెలను చంపాయి’ అని. ఆగండి.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చింది ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గుండాలు. అప్పటికి కాటన్‌కు హైదరాబాదు సంస్థానంతో ఏ పనీ లేదు. 1946 ఆగస్టు 11న ఓరుగల్లు కోటలో జెండా ఎగరేసినందుకు బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపారు. అందుకు కరాచీ నుంచి ఏ సరుకూ దిగనక్కర్లేకపోయింది. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా పట్టుకుని వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు విరుచుకుపడ్డారు. ఇరవై రెండు మంది చనిపోయారని అక్కడి అమరధామం చెబుతుంది. లాంకాస్ట్రియన్లు రావడానికి అప్పటికి ఇంకా తొమ్మిది నెలలుంది. వీళ్ల చావులు విమానాల ఖాతాలో వేస్తే, ఆ చంపినవాళ్లను, వాళ్లను మేపినవాళ్లను వదిలేసినట్టే. దొరల గడీల్లో తుపాకులకు ఎప్పుడూ కొదవ లేదు. వేటకని లైసెన్సు తీసుకున్నవి, పోలీసు ఠాణా నుంచి అరువిచ్చినవి, నాటు బర్మార్లు. లెవీ గింజలు ఇవ్వనన్న రైతు మీదికి రావడానికి అవి సరిపోయాయి. అమీను, గిర్దావరు, పట్వారీ ఉన్న చోట విదేశీ పైలట్ అదనం.

బైరాన్‌పల్లికి వెళ్లి చూడండి. ఊళ్లో ఇప్పటికీ ఆ బురుజు ఉంది. గుండ్రంగా, కిందంతా రాయి, లోపల మెట్లు. పైకెక్కితే చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది. 1948లో ఊరివాళ్లు దాని మీద కాపలా పెట్టారు. రజాకార్లు కనబడితే నగారా మోగేది. వడిసెలలు, రోకళ్లు, కొన్ని నాటు తుపాకులు, ఇవే వాళ్ల ఆయుధాలు. వాటితోనే రజాకార్లను ఒకటికి రెండుసార్లు తరిమికొట్టారు. ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు ఒంటరిగా రాలేదు, వెంట పోలీసులు, మిలిటరీ వచ్చారు. మనుషులను వరసగా నిలబెట్టి కాల్చారు. చచ్చినవాళ్లు ఎనభై ఎనిమిదని ఒక లెక్క, వందకు పైనేనని ఇంకో లెక్క. ఆ ఊరిని చంపింది సర్కారు. పగలూ రాత్రీ తేడా లేకుండా జీతమిచ్చి, యూనిఫాం ఇచ్చి, హుకుం ఇచ్చి పంపిన సర్కారు. ఆ హుకుం లేనిదే, కరాచీ నుంచి వచ్చిన తుపాకైనా పెట్టెలోంచి దానంతటది బయటికి రాదు.

మూడో రకం కథ కూడా ఒకటుంది, కాస్త మర్యాదగా ఉంటుంది గనక దాన్ని ఎవరూ కాదనరు. విమానాలు మందులు తెచ్చాయట. దిగ్బంధం వల్ల ఆసుపత్రుల్లో మందులు అయిపోయాయి, నీటిలో కలిపే క్లోరిన్ కరువైంది, ఉప్పు లేదు, కాబట్టి అవి ప్రాణదాన యాత్రలు. దిగ్బంధం అబద్ధం కాదు. నిజాంతో యథాతథ ఒప్పందం ఉండగానే యూనియన్ సర్కారు సరుకులు ఆపింది, దాని బాధ ముందు తగిలింది పేదవాడికే. హైదరాబాదు సర్కారు ఐక్యరాజ్య సమితికి పెట్టుకున్న ఫిర్యాదులో ఈ సంగతి ఉంది, అందులో నిజమూ ఉంది. కాని మందులు తెచ్చే విమానం రెడ్‌క్రాస్ గుర్తు వేసుకుని పట్టపగలు వస్తుంది. రాత్రి పూట వచ్చే విమానంలో మందులు ఉండొచ్చు, ఎందుకు చాటుగా వచ్చిందో చెప్పేది మాత్రం వాటి పక్కనున్న పెట్టెలు. ఇరవై ఏళ్ల తర్వాత ఆఫ్రికాలోని బయాఫ్రాలో ఇదే జరిగింది. ఉలి దగ్గర రోడ్డు మీద రాత్రుళ్లు తిండి విమానాలూ తుపాకుల విమానాలూ ఒకే బారులో దిగేవి. తిండి విమానాలను చూపించి తుపాకుల విమానాలను కాచుకోవడం అప్పటికి పాత విద్యే.

ఇంకోటి. ఆ 1948లో వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వేల కుటుంబాలు రజాకార్లకు భయపడి మూటలు నెత్తిన పెట్టుకుని కృష్ణా జిల్లాకు పారిపోయాయి. మునగాల పరగణాలో, నందిగామ వైపు, బెజవాడ చుట్టుపక్కల తలదాచుకున్నాయి. అక్కడికి ప్రాణదాన విమానాలేవీ రాలేదు. బెజవాడ వాళ్లు గంజి పోశారు.

మరి ఆ విమానాలు ఏమీ చేయలేదా అంటే, చేశాయి. ఆ చేసిన పనే ఈ కథల్లో రాదు. తేదీలు చూడండి. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం ఏడాది గడువుతో కుదిరింది. 1948 వేసవిలో గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్ దేశం వదిలిపోయే ముందు ఎలాగైనా నిజాంతో రాజీ కుదర్చాలని కిందామీదా పడ్డాడు. జూన్‌లో హైదరాబాదుకు ఇవ్వజూపిన షరతులు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది. సంస్థానానికి సొంత సైన్యం ఉంచుకోనిస్తామన్నారు. విలీనం సంగతి ప్రజాభిప్రాయానికి వదులుతామన్నారు. వల్లభ్‌భాయ్ పటేల్‌కు నచ్చకపోయినా వద్దనలేదు. హైదరాబాదే వద్దంది. జూన్ మూడో వారంలో చర్చలు తెగిపోయాయి, 21న మౌంట్‌బాటన్ ఇంటికి పోయాడు. కరాచీ విమానాలు రావడం మొదలైందీ ఆ ప్రాంతంలోనే.

రెండింటికీ సంబంధం లేదనుకోవడానికి నాకు మనసొప్పదు. షా మంజిల్‌లో కూర్చున్న లాయక్ అలీకి రాత్రి పూట విమానం చప్పుడు వినబడితే ఏమనిపించి ఉంటుంది? ఆయన చదువుకు ఇంజనీరు, వృత్తికి పరిశ్రమల యజమాని. కాగితం మీద లెక్క వేసి ఉంటే షెర్మన్ టాంకు ముందు రైఫిల్ ఎంతసేపు నిలుస్తుందో ఆయనకే తెలిసేది. కాని పెట్టెలు దిగుతూ ఉంటే లెక్క వేయబుద్ధి కాదు. ఇంకో నెల లాగితే ఇంకొన్ని వస్తాయి, ఈలోగా భద్రతా మండలి పట్టించుకుంటుంది, పాకిస్తాన్ ఏదో ఒకటి చేస్తుంది. ఇదీ ఆశ. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకైతే ఆశ కూడా అక్కర్లేదు, మైకు చాలు. ఢిల్లీ ఎర్రకోట మీద అసఫియా జెండా ఎగరేస్తామని ఉపన్యాసాలిచ్చే మనిషికి ఆకాశం నుంచి సాయం వస్తోందన్న పుకారు ఎంత బలమిస్తుందో చెప్పక్కర్లేదు. కాటన్ విమానాలు మోసిన అసలు సరుకు ఇదే: గెలవకపోయినా పరవాలేదు, లొంగాల్సిన పని లేదన్న ధీమా.

ఆ ధీమా మూడు నెలలు నడిచింది. ఆ మూడు నెలలే తెలంగాణ పల్లెలకు అన్నిటికన్నా చెడ్డ కాలం. బైరాన్‌పల్లి ఆ మూడు నెలల్లోనే. సంస్థానం యూనియన్‌లో కలవాలని ‘ఇమ్రోజ్’లో రాసిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు వీధిలో నరికింది ఆ మూడు నెలల్లోనే, ఆగస్టులో ఓ రాత్రి. జూన్‌లో సంతకం పడి ఉంటే ఈ చావులు ఆగేవని రాసివ్వలేను. కాని ఆ సంతకం పడకపోవడానికి కరాచీ పెట్టెలకు భాగం లేదని మాత్రం నన్ను నమ్మమనకండి. సాహసం, సాహసం అని పాడేవాళ్లు ఒక్కసారి ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకోవాలి.

ఆ విమానాల వల్ల ఇంకొకరికి కూడా లాభం కలిగింది. ఢిల్లీకి. సంస్థానం మీదికి సైన్యాన్ని పంపడానికి లోకానికి చూపించే కారణం కావాలి. పక్క దేశం నుంచి రాత్రి విమానాల్లో ఆయుధాలు వస్తున్నాయంటే అంతకు మించిన కారణం ఏముంటుంది? సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మేనన్, హైదరాబాదులో భారత ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ తర్వాత రాసిన పుస్తకాల్లో ఈ ఆయుధాల రవాణాకు చోటు దొరికింది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కాని బెదురు ఎంత పెద్దదైతే చర్య అంత న్యాయంగా కనిపిస్తుంది. నిజాంను కాపాడటానికి వచ్చానన్న కాటన్ నిజాం మీద దాడికి సాక్ష్యం సమకూర్చాడు. మెడ కాపాడాల్సినవాడే మెడకు ఉచ్చు పేనాడు.

ఈ బెదురు సెప్టెంబరుతో ఆగలేదు కూడా. పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టిన ఆ సైనిక చర్య తర్వాత మరఠ్వాడా వైపు జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన దారుణాల గురించి పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక చాలా కాలం బయటపడలేదు. తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని అందులో ఉంది. ప్రతి ముస్లిం ఇంట్లో పాకిస్తాన్ తుపాకీ దాగి ఉందన్న అనుమానం గాలిలో ఉన్నప్పుడు ఎవరిని కొట్టినా తప్పనిపించదు. ఇక వరంగల్, నల్లగొండ పల్లెల్లో జనరల్ చౌదురి సైనిక పాలన తుపాకులు రజాకార్ల నుంచి సంఘం మీదికి తిరిగాయి. పారిపోయిన దొరలు యూనియన్ సైన్యం వెనకాలే తిరిగొచ్చారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా అడవి పట్టిన దళాలను వేటాడింది కరాచీ ఆయుధాలు కాదు, మన సర్కారువే. ఇదంతా వదిలేసి 1948 అంటే కాటన్, కాటన్ అంటే లాంకాస్ట్రియన్ అని తేల్చేస్తే ఎవరికి సుఖం? దొరకు సుఖం, ఖాకీకి సుఖం, చరిత్రను సినిమాగా చూడాలనుకునేవాడికి సుఖం.

సాహసం గురించి కూడా ఓ మాట అనాలి. చైనా తరఫున 1941 డిసెంబరు నుంచి జపాన్ విమానాలతో తలపడిన అమెరికా ‘ఫ్లయింగ్ టైగర్స్’ కూడా కిరాయి పైలట్లే. జీతం తీసుకున్నారు, కూల్చిన విమానానికింత అని బహుమానం తీసుకున్నారు. అయితే ఎదురుగా వచ్చినవాడితో పోట్లాడి, వాళ్లలో కొందరు చచ్చారు. కాటన్ బృందం ఎవరితోనూ పోట్లాడలేదు. అప్పటి భారత వైమానిక దళానికి రాత్రి పూట శత్రు విమానాన్ని వెతికి పట్టుకునే రాడార్ ఏర్పాటు లేదు. యుద్ధ కాలంలో జర్మనీ మీద ఫిరంగుల మధ్య ఎగిరిన పైలట్‌కు మన ఆకాశం రాత్రి పూట ఖాళీ రోడ్డు. సెప్టెంబరులో అసలైన యుద్ధం వచ్చేసరికి వాళ్ల విమానాలు ఆ రోడ్డు ఎక్కలేదు. వరంగల్‌కు మరో ట్రిప్పు వేసి నిజాం సిపాయిల పక్కన నిలబడినవాడు లేడు. అది వాళ్ల పని కాదు గదా అంటారేమో. నిజమే, కాదు. అందుకే వీరులని పిలవొద్దంటున్నాను.

ఈ కథకు ఇంగ్లండులో వేసిన శిక్ష తెలుసా? విమానాలు బ్రిటన్‌లో రిజిస్టరైనవి కనుక అక్కడి కోర్టుకు తీసుకెళ్లారు. కొన్ని ఆరోపణలు నిలవలేదు. చివరికి కాటన్ కట్టిన జరిమానా 200 పౌండ్లు. అంతే. ఆయన మళ్లీ తన వ్యాపారాల్లో పడ్డాడు, 1969 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. రజ్వీ 1957 దాకా జైల్లో ఉండి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. గృహనిర్బంధంలో ఉన్న లాయక్ అలీ 1950 మార్చిలో కాపలావాళ్ల కళ్లుగప్పి కరాచీ చేరాడు.

ఆ రాత్రి విమానాల మాట చివరిసారి గట్టిగా వినపడింది ఎక్కడో కాదు, లండన్ హైకోర్టులో. 1948 సెప్టెంబరు 20న, అంటే నిజాం లొంగిపోయిన మూడో రోజున, హైదరాబాదు విదేశాంగ మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతూలా పేరిట మార్పించాడు. వారంలోగా నిజాం ఆ డబ్బు తనకు తిరిగిచ్చేయాలన్నాడు. డెబ్భై ఏళ్లు తగువు నడిచింది. వడ్డీ మీద వడ్డీతో అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. అప్పుడు పాకిస్తాన్ ఏమని వాదించిందో చూడండి: హైదరాబాదుకు ఆయుధాలు అందడంలో మేం సాయం చేశాం, ఈ సొమ్ము దానికి సంబంధించినదే అని. 1948లో తనకేమీ తెలియనట్టు ముఖం పెట్టిన దేశం, డబ్బు దగ్గరికి వచ్చేసరికి కాటన్ విమానాలను తన సొంత బిడ్డలని చెప్పుకుంది. 2019 అక్టోబరు 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పారు. ఆయుధాల రవాణా జరిగిన మాట నిజమే కాని, ఈ డబ్బు దాని బాపతు కాదు, రహీంతూలా పేరున ఉన్నా అది నిజాందే అన్నారు. సొమ్ము నిజాం వారసులకూ భారత సర్కారుకూ దక్కింది.

మూడు పక్షాలూ మంచి లాయర్లను పెట్టుకుని వాదించాయి. ఆ పది లక్షల పౌండ్లలో కడవెండి, బైరాన్‌పల్లి రైతులు కట్టిన శిస్తు ఎంతుందో లెక్క తేల్చమని మాత్రం ఏ పక్షమూ అడగలేదు.